లాకుల నుండి పిట్టు దాక

గోదావరి మండలమున బండి పరీక్ష యనునది మోటారుతో పుట్టినది కాదు. 1847లో ఆరంభమై 1852 నాటికి ముగిసిన ధవళేశ్వరపు ఆనకట్ట వలన పొలములకు నీరు పాఱుటయే గాక, ఆ నీటిని మోసికొనిపోవు కాలువలే రహదారులై, రాజమహేంద్రవరము నుండి కాకినాడకును, ఏలూరు మీదుగా బెజవాడకును మనుష్యులు, ధాన్యము, కొబ్బరి, కలప సమస్తమును పడవల మీదనే సాగుచుండిన దినములలో, ప్రయాణికుని క్షేమమును గూర్చి సర్కారు చింతింపవలసి వచ్చినది తొలుత పడవను చూచియే. 1890లో చెన్నపురి ప్రభుత్వము చేసిన కాలువల, రేవుల చట్టము ఈ నావలకు లైసెన్సులను, రుసుములను, నియమములను విధించినది. లాకు వద్ద తలుపు తెఱచువఱకు ఏ పడవయైనను ఆగక తప్పదు గనుక, పరీక్షించువానికి అంతకంటె అనువైన చోటు వేఱొకటి లేదు. అదియంతయు పాతకాలపు ముచ్చటయని కొట్టివేయుటకు వీలులేదని 2019 సెప్టెంబరు 15వ తేదీన కచ్చులూరు వద్ద మునిగిన విహారపు పడవ పదులకొలది కుటుంబములకు తెలిపినది. అయినను అది వేఱు కథ.

మోటారుబండ్లకు భారతదేశమంతట వర్తించు తొలి చట్టము 1914 నాటిది. అందు రిజిస్ట్రేషనును గూర్చియు, డ్రైవరు లైసెన్సును గూర్చియు పట్టుదల కనబడునే గాని, అద్దెకు తిరుగు బండి దృఢముగ నున్నదా యను ప్రశ్న స్థానిక ప్రభుత్వముల నియమములకు వదలివేయబడినది. 1939 నాటి చట్టము వచ్చినపిమ్మటనే సరుకులను, ప్రయాణికులను మోయు ప్రతి వాహనమునకును ఫిట్‌నెస్ పత్రము తప్పనిసరి యైనది. ఆ కాలమే మా సీమకు మిక్కిలి గడ్డుకాలము. 1928లో కాకినాడ నుండి కోటిపల్లికి వేసిన రైలుదారి పట్టాలను యుద్ధావసరములకై పెఱికి తీసికొనిపోయిరి. పెట్రోలునకు రేషను వచ్చినది. ఆ దారిన రైలెక్కువారి భారమంతయు బస్సుల మీద పడిన తరుణముననే, ఆ బస్సులు వెనుక నొక బొగ్గుకొలిమిని తగిలించుకొని, క్లీనరు పంకా త్రిప్పుచుండగా పుట్టిన వాయువుతో నడువవలసివచ్చెను. శక్తి తక్కువ, నిప్పు దగ్గఱ, జనము ఎక్కువ: పరీక్ష యవసరము ఎంత పెరిగెనో, బండిని ఆపివేయు ధైర్యము అధికారికి అంత తగ్గెననుట ఊహింప కష్టము కాదు. ఆ పరీక్షాధికారినే జనము బ్రేకు ఇన్‌స్పెక్టరని పిలిచిరి, నేటికిని పిలుచుచున్నారు.

బండి దోషములు పైనుండి చూచిన కనబడునవి కావు. క్రిందికి దూరవలెను, అందులకు పిట్టు కావలెను. పిట్టనగా మూడడుగుల వెడల్పున, మనిషి నిలిచిన తల చాసిస్‌కు తాకకుండు లోతున, బండి పొడవునకు సరిపడ త్రవ్విన గుంట. ఒక చివర మెట్లు, ప్రక్క గోడలలో దీపములకు గూళ్ళు, అంచులకు చక్రము జాఱకుండ ఇనుప పట్టీలు. రాయలసీమలోనో తెలంగాణములోనో ఇది గునపమునకు పని. డెల్టాలో నిది నీటితో పేచీ. కాలువ కట్ట ప్రక్కన, లంకపొలమున, వానకాలమున నాలుగడుగులు త్రవ్విన నీరూరును. కావున అడుగున కాంక్రీటు దిట్టముగ పోసి, గోడలకు సిమెంటు గిలాబా చేసి, ఒక మూల చిన్న గుంటను విడిచి, అందు చేరిన నీటిని మోటారుతో తోడివేయవలెను. అంత వ్యయమునకు ఓర్వలేనివాడు గుంట మాని, నేలపై ఇటుకలతో రెండు వాలుగోడలు కట్టి, బండినే పైకెక్కించును. పిట్టు త్రవ్వుట కంటె ఇదియే తెలివియని నాకు తోచును.

ఆ గుంటలోనికి దిగిన మేస్త్రీ చేయు పని చూడదగినది. ముందు చక్రమును జాకీతో లేపించి, పైనొక చేయి, క్రిందనొక చేయి వేసి కుదుపును. కింగుపిన్ను బుష్షులు అరిగినచో చక్రము పల్లెటూరి తలుపువలె కదలును. కమాను కట్టలను చేతితో తడిమి విఱిగిన పట్టీని పసిగట్టును. చక్రపు నట్లను చిన్న సుత్తితో తట్టి వినును. బిగువున్న నట్టు గణగణమనును, వదులైనది మొద్దుగ పలుకును. బ్రేకు డ్రమ్ము విప్పి లైనరు మందము చూచును. ఇంత విద్యయు ఏ కళాశాలలోను నేర్చినది కాదు.

1958 జనవరిలో ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణాసంస్థ ఏర్పడి, క్రమముగ ప్రైవేటు బస్సుల స్థానమును ఆక్రమించిన పిమ్మట, అమలాపురము, రాజోలు, భీమవరము, తణుకు, నరసాపురము మున్నగు ఊళ్ళ డిపోలలో పిట్టు నిత్యకృత్యమైనది. దినమునకొక చూపు, వారమునకొక పరీక్ష, ఇన్ని కిలోమీటర్లకని ఒక విప్పదీత. బండి నిలిచిపోయిన నష్టము తనదే గావున సంస్థ తన బండినే తాను శంకించుచుండెను. 1974లో రాజమహేంద్రవరము, కొవ్వూరుల నడుమ రోడ్డు-రైలు వంతెన తెఱచినపిమ్మట గోదావరి దాటు లారీల రద్దీ ప్రబలినది. లారీ యజమానికి మాత్రము అట్టి డిపో లేదు, వీధి గ్యారేజియే దిక్కు. ఏటికొకసారి ఎఫ్‌సీ, అనగా ఫిట్‌నెస్ పత్రపు పరీక్ష, దినమున చక్కని టైర్లు అరువు తెచ్చి తగిలించి, సాయంకాలమునకే విప్పి తిరిగి ఇచ్చిన ఘనుల కథలు గ్యారేజీలలో ఎన్నైనను వినవచ్చును.

1988 నాటి చట్టము ఈ చిక్కును గుర్తించి, 56వ సెక్షనులో, తగిన అనుభవము, పరికరములు గల ప్రైవేటు గ్యారేజిని సైతము పరీక్షాకేంద్రముగ ప్రభుత్వము గుర్తింపవచ్చునని చెప్పినది. 1989 నియమములలోని 62వది హెడ్‌లైటు, హారను, అద్దము, వైపరు, పొగ, బ్రేకు, స్పీడోమీటరు, స్టీరింగు అని పరీక్షింపదగిన అంగముల పట్టికనిచ్చెను. స్టీరింగు చక్రము వృథాగ తిరుగు కొలత ముప్పది డిగ్రీలు మించరాదని మఱియొక నియమము. వినుటకు చిన్నది, కాని ఏటిగట్టు మీది ఇఱుకు దారిలో, ఒక ప్రక్క కాలువ, ఒక ప్రక్క చేను గల చోట, ఎదురుగ నొక ట్రాక్టరు వచ్చినపుడు ఆ డిగ్రీల విలువ తెలియును.

తుదకు 2021 సెప్టెంబరులో కేంద్రప్రభుత్వము ప్రకటించిన నియమములు ఈ పరీక్షను యంత్రములకు అప్పగించినవి: బ్రేకు బలమును తూచు రోలర్లు, చక్రము ప్రక్కకు జాఱుటను కొలుచు పలకలు, కింగుపిన్ను వదులును చూపు కదలుపీటలు. పరీక్షించు కేంద్రము మరమ్మతు చేయరాదు, విడిభాగములు అమ్మరాదు అని అందు స్పష్టముగ వ్రాసిరి. పత్రమునకు సంబంధించినంత వఱకు ఇది న్యాయమే, తాను బిగించిన బోల్టునకు తానే సాక్ష్యము చెప్పువానిని నమ్ముట కష్టము. కాని యంత్రము బ్రేకు తక్కువ పట్టుచున్నదని అంకె చూపునే గాని, డ్రమ్ములో నూనె కాఱుటచేతనా, లైనరు అరుగుటచేతనా యని చెప్పదు. అది తేల్చుటకు లారీ మరల గ్యారేజికే రావలెను, మేస్త్రీ మరల పిట్టులోనికే దిగవలెను. ఆ గ్యారేజిలో మంచి పిట్టు కట్టించుటకు, దానిలోని నీరు తోడించుటకు, దీపములు పెట్టించుటకు యజమానిని ప్రోత్సహించు నియమమేదియు ఆ పుటలలో నాకు కనబడలేదు.