అమెరికా రెస్టారెంట్‌లో టిప్ ఎంత ఇవ్వాలి? బ్రిటన్ టూరిస్టులు బిల్లు కట్టే ముందు తెలుసుకోవాల్సినవి ఇవే..

లండన్‌లోనో, మాంచెస్టర్‌లోనో ఫ్లైట్ ఎక్కి ఓర్లాండో, న్యూయార్క్, లాస్ వెగాస్ చుట్టి వచ్చే బ్రిటిష్ టూరిస్టులకు టికెట్లు, హోటళ్ల గురించి పెద్దగా డౌట్లు ఉండవు. అసలు డౌట్ వచ్చేది భోజనం అయ్యాక. బిల్లు టేబుల్ మీదకు వస్తుంది. కింద 'టిప్' అని రాసి పక్కన ఖాళీ గీత ఉంటుంది. అందులో ఎంత రాయాలి? ఐదు డాలర్లు సరిపోతాయా? ఏమీ రాయకుండా వచ్చేస్తే ఏమవుతుంది?

రెండు దేశాల్లోనూ మాట్లాడేది ఇంగ్లిషే అయినా, ఈ విషయంలో మాత్రం పద్ధతి పూర్తిగా వేరు. బ్రిటన్‌లో టిప్ అంటే థ్యాంక్స్ చెప్పడం. అమెరికాలో చాలా చోట్ల టిప్ అంటే వెయిటర్ జీతమే. ఈ ఒక్క తేడా అర్థమైతే మిగతా రూల్స్ అన్నీ సులువుగా అర్థమవుతాయి.

బ్రిటన్‌లో లెక్క ఇదీ..

బ్రిటన్‌లో రెస్టారెంట్ స్టాఫ్‌కు కూడా చట్టప్రకారం పూర్తి కనీస వేతనం ఇవ్వాల్సిందే. 21 ఏళ్లు, ఆపై వయసు వారికి 2025 ఏప్రిల్‌లో అది గంటకు 12.21 పౌండ్లు అయింది. టిప్పుల డబ్బును ఈ వేతనంలో కలిపి చూపించడం 2009 అక్టోబర్ నుంచే కుదరదు. 2024 అక్టోబర్ 1 నుంచి ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్‌లో మరో చట్టం కూడా వచ్చింది. కస్టమర్లు ఇచ్చిన టిప్పులను యజమాని తన దగ్గర ఉంచుకోకుండా మొత్తం స్టాఫ్‌కే పంచాలి.

అందుకే అక్కడ కూర్చుని తినే రెస్టారెంట్లలో 10 నుంచి 12.5 శాతం సర్వీస్ చార్జ్ కనిపిస్తుంది. ఇష్టం లేకపోతే తీసేయమని అడగొచ్చు. పబ్‌లో కౌంటర్ దగ్గర డ్రింక్ తీసుకుంటే టిప్ ఇచ్చే అలవాటే లేదు. అదే లెక్కతో అమెరికా వెళ్తే ఇబ్బంది తప్పదు.

అమెరికాలో గంటకు 2.13 డాలర్లు!

అమెరికాలో ఫెడరల్ కనీస వేతనం గంటకు 7.25 డాలర్లు. 2009 జూలై నుంచి అది మారలేదు. కానీ టిప్పులు వచ్చే ఉద్యోగాలకు వేరే రూల్ ఉంది. వెయిటర్‌కు యజమాని తన జేబులోంచి ఇవ్వాల్సింది గంటకు 2.13 డాలర్లే. ఈ రేటు 1991 నుంచి అలాగే ఉంది. మిగతా 5.12 డాలర్లు కస్టమర్ల టిప్పుల నుంచి వస్తాయని చట్టమే లెక్క వేసుకుంటుంది. దీన్ని టిప్ క్రెడిట్ అంటారు.

టిప్పులు తక్కువై 7.25 డాలర్లకు చేరకపోతే ఆ తేడాను యజమాని కలిపి ఇవ్వాలి. అయితే అలా కలిపినా చేతికొచ్చేది ఆ 7.25 డాలర్లే. అందుకే వెయిటర్ ఇల్లు గడిచేది టేబుల్ మీద కస్టమర్ వదిలే డబ్బుతోనే.

ఇంకో విషయం చాలామంది టూరిస్టులకు తెలియదు. వెయిటర్‌కు వచ్చిన టిప్ మొత్తం ఆ వెయిటర్‌కే మిగలదు. ప్లేట్లు తీసే బస్సర్‌కు, డ్రింక్ కలిపే బార్‌టెండర్‌కు అందులో వాటా ఇవ్వాలి. చాలా రెస్టారెంట్లలో ఈ వాటాను అమ్మకాల్లో ఇంత శాతం అని లెక్కిస్తారు. అలాంటి చోట ఒక టేబుల్ 200 డాలర్లకు తిని టిప్ ఇవ్వకుండా వెళ్లిపోతే, ఆ టేబుల్ తాలూకు వాటా వెయిటర్ మిగతా టిప్పుల్లోంచి పోతుంది.

అన్ని రాష్ట్రాల్లో ఒకటేనా?

కాదు. టెక్సాస్, టెన్నెసీ, జార్జియా, లూసియానాల్లో ఆ 2.13 డాలర్ల రేటే నడుస్తోంది. బ్రిటిష్ ఫ్యామిలీలు ఎక్కువగా వెళ్లే ఫ్లోరిడాలో వెయిటర్ల కనీస రేటు రాష్ట్ర కనీస వేతనం కంటే గంటకు 3.02 డాలర్లు తక్కువ.

కాలిఫోర్నియా, నెవాడా, వాషింగ్టన్, ఒరెగాన్, మిన్నెసోటా, మోంటానా, అలాస్కా.. ఈ 7 రాష్ట్రాల్లో మాత్రం టిప్ క్రెడిట్ లేదు. వెయిటర్లకు కూడా పూర్తి కనీస వేతనం వస్తుంది. అయితే ఇక్కడ టిప్ అక్కర్లేదని అనుకుంటే పొరపాటే. లాస్ ఏంజెలెస్‌లోనూ, లాస్ వెగాస్‌లోనూ పద్ధతి అదే, ఆశించే శాతమూ అదే.

మెనూలో 100.. కట్టేది 126.50

బ్రిటన్‌లో మెనూ మీద ఉన్న ధరలోనే 20 శాతం వ్యాట్ కలిసి ఉంటుంది. అమెరికాలో మెనూ ధరకు సేల్స్ ట్యాక్స్ విడిగా పడుతుంది. ఓర్లాండోలో ఇది 6.5 శాతం, న్యూయార్క్ సిటీలో 8.875 శాతం. దాని పైన టిప్.

అంటే ఓర్లాండోలో 100 డాలర్ల భోజనం చేస్తే 6.50 ట్యాక్స్, 20 టిప్ కలిపి 126.50 డాలర్లు అవుతుంది. రెండు వారాల ట్రిప్‌లో రోజూ రాత్రి 80 డాలర్ల డిన్నర్ అనుకుంటే మెనూ ప్రకారం 1,120 డాలర్లు. ట్యాక్స్, టిప్ కలిపితే దాదాపు 1,417 డాలర్లు. దాదాపు 300 డాలర్లు అదనం. కాబట్టి మెనూ ధరకు కనీసం నాలుగో వంతు కలిపి బడ్జెట్ వేసుకోవాలి. అలా చూస్తే మరీ ఖరీదు అనిపిస్తే, టిప్ తగ్గించే బదులు కౌంటర్ దగ్గర ఆర్డర్ చేసే చోట తినడం బెటర్.

ఎక్కడ ఎంత ఇవ్వాలి?

* కూర్చుని తినే రెస్టారెంట్: 15 నుంచి 20 శాతం. పెద్ద నగరాల్లో 18 నుంచి 20 శాతం మామూలు. 15 ఇస్తే సర్వీస్ ఓ మోస్తరుగా ఉందని చెప్పినట్టే.
* బార్: ఒక్కో డ్రింక్‌కు 1 నుంచి 2 డాలర్లు. పబ్ అలవాటుతో చేతులు ఊపుకుంటూ వచ్చేస్తే రెండో రౌండ్ ఆలస్యం కావచ్చు.
* బఫే: ప్లేట్లు తీసి, డ్రింక్స్ తెచ్చేవాళ్లు ఉంటే 10 శాతం దాకా.
* కాఫీ షాప్, ఫాస్ట్ ఫుడ్ కౌంటర్, పార్సిల్: తప్పనిసరి కాదు. ఇష్టమైతే చిల్లర జార్‌లో వేయొచ్చు.
* ఫుడ్ డెలివరీ: టిప్ ఇవ్వడం మామూలే. యాప్‌లోని డెలివరీ ఫీజు అంతా డ్రైవర్‌కే వెళ్తుందని అనుకోవద్దు.

టిప్‌ను ట్యాక్స్ కలపని మొత్తం మీద లెక్కిస్తే చాలు. న్యూయార్క్‌లో ఒక సులువైన చిట్కా ఉంది. బిల్లు మీద కనిపించే ట్యాక్స్‌ను రెట్టింపు చేస్తే 17.75 శాతం అవుతుంది. కొంచెం పైకి రౌండ్ చేస్తే సరిపోతుంది. కూపన్, డిస్కౌంట్ వాడితే మాత్రం అసలు ధర మీదే టిప్ లెక్కించాలి. ఎందుకంటే వెయిటర్ పని తగ్గలేదు కదా.

కార్డు తీసుకెళ్లిపోతే కంగారు పడొద్దు

బ్రిటన్‌లో కార్డు మెషీన్ టేబుల్ దగ్గరకే వస్తుంది. అమెరికాలో చాలా చోట్ల వెయిటర్ కార్డును తీసుకుని లోపలికి వెళ్తారు. అక్కడ ఇది మామూలే. అక్కడ బిల్లును 'చెక్' అంటారు. కార్డుతో పాటు రెండు స్లిప్పులు తెస్తారు. ఒకదాని మీద టిప్ రాసి, మొత్తం కూడి, సంతకం పెట్టి టేబుల్ మీద వదిలేయాలి. రెండోది మీ కాపీ.

బ్యాంక్ యాప్‌లో మొదట టిప్ లేని మొత్తం కనిపించి, తర్వాత పెరగొచ్చు. దాన్ని చూసి మోసం అనుకోవద్దు. మీ కాపీని కొన్ని రోజులు దాచుకుని సరిచూసుకోండి. క్యాష్ ఇవ్వాలంటే డాలర్ నోట్లే ఇవ్వాలి. మిగిలిపోయిన పౌండ్ నాణేలు ఇస్తే వాళ్లు మార్చుకోలేరు. నాలుగు సెంట్ల నాణేలు వదిలి వస్తే, అస్సలు ఇవ్వకపోవడం కంటే ఎక్కువ అవమానంగా తీసుకుంటారు.

రెండుసార్లు కట్టొద్దు

టిప్ ఇవ్వడం ఎంత ముఖ్యమో, బిల్లు చదవడం కూడా అంతే ముఖ్యం. ఆరుగురు లేదా అంతకంటే ఎక్కువ మంది వెళ్తే చాలా రెస్టారెంట్లు 18 నుంచి 20 శాతం ముందే కలిపేస్తాయి. మయామి లాంటి టూరిస్ట్ ప్రాంతాల్లో ఇద్దరు తిన్నా కలిపే రెస్టారెంట్లు ఉన్నాయి. బిల్లులో 'గ్రాట్యుటీ' లేదా 'సర్వీస్ చార్జ్' అనే లైన్ ఉందేమో చూడండి. ఉంటే, దాని కింద టిప్ కోసం మళ్లీ ఖాళీ గీత ఉన్నా ఇవ్వక్కర్లేదు. సర్వీస్ చార్జ్ స్టాఫ్‌కు వెళ్తుందా అని మర్యాదగా అడగడంలో తప్పు లేదు. చట్టం దృష్టిలో అది టిప్ కాదు, రెస్టారెంట్ ఆదాయం.

ఇక కౌంటర్ల మీద టాబ్లెట్ స్క్రీన్లు. వాటర్ బాటిల్ కొన్నా 18, 20, 25 శాతం బటన్లు చూపిస్తాయి. అక్కడ 'నో టిప్' నొక్కినా మర్యాద తప్పినట్టు కాదు. వీటితో అమెరికన్లే విసుగెత్తిపోయారు.

బ్రిటన్‌లో స్థిరపడి సెలవుల్లో డల్లాస్, న్యూజెర్సీల్లోని బంధువుల దగ్గరకు వెళ్లే తెలుగు కుటుంబాలకూ ఇదే వర్తిస్తుంది. బాబాయి, పిన్ని, పిల్లలతో కలిసి పది మంది వెళ్తే గ్రాట్యుటీ బిల్లులోనే ఉండే అవకాశం ఎక్కువ. లేకపోతే మాత్రం, హైదరాబాద్‌లో సోంపు ప్లేటులో నోటు పెట్టినట్టు పెడితే కుదరదు.

సర్వీస్ బాగోలేకపోతే?

టిప్ ఇవ్వాలని చట్టమేమీ లేదు. ఇవ్వకపోయినా ఎవరూ ఆపలేరు. కానీ బయటకు వచ్చేలోపు 'ఏమైనా ప్రాబ్లమ్ ఉందా?' అని అడిగే అవకాశం ఉంది. ఫుడ్ ఆలస్యమైతే, అది కిచెన్ తప్పు కావచ్చు. ఆ శిక్ష వెయిటర్‌కు వేయడం న్యాయం కాదు. సమస్య ఉంటే మేనేజర్‌ను పిలిచి చెప్పండి. చాలాసార్లు ఆ ఐటమ్‌ను బిల్లులోంచి తీసేస్తారు. వెయిటరే నిర్లక్ష్యం చేస్తే 10 శాతానికి తగ్గించవచ్చు. అమర్యాదగా ప్రవర్తిస్తే తప్ప సున్నా రాయకపోవడమే మంచిది.

ఈ అలవాటు వెళ్లింది యూరప్ నుంచే!

విచిత్రం ఏంటంటే, టిప్ అమెరికాలో పుట్టింది కాదు. 1861-65 అంతర్యుద్ధం తర్వాత యూరప్ చూసొచ్చిన సంపన్న అమెరికన్లు ఈ పద్ధతిని తెచ్చారు. అది బానిసత్వం నుంచి అప్పుడే బయటపడ్డ నల్లజాతీయులు హోటళ్లలో, రైళ్లలో పనికి చేరుతున్న కాలం. జీతం పేరుకు ఇచ్చి టిప్పుల మీదే బతకమనడం యజమానులకు కలిసొచ్చింది. దీనిపై వ్యతిరేకత కూడా గట్టిగానే వచ్చింది. 1909లో వాషింగ్టన్ రాష్ట్రం టిప్పులనే నిషేధించింది. మరికొన్ని రాష్ట్రాలు అదే బాట పట్టాయి. కానీ 1926 నాటికి ఆ చట్టాలన్నీ రద్దయ్యాయి. 1966లో టిప్ క్రెడిట్ ఫెడరల్ చట్టంలోకే వచ్చేసింది.

మార్చే ప్రయత్నాలు ఇప్పటికీ జరుగుతున్నాయి. న్యూయార్క్ రెస్టారెంట్ల యజమాని డానీ మేయర్ 2015లో టిప్పులు తీసేసి మెనూ ధరలు పెంచారు. 2020లో మళ్లీ పాత పద్ధతికే వచ్చారు. 2024 నవంబర్‌లో వెయిటర్లకు పూర్తి కనీస వేతనం ఇవ్వాలనే ప్రతిపాదనను మసాచుసెట్స్ ఓటర్లు తిరస్కరించారు.

ఈ పద్ధతి సరైనదేనా అన్న చర్చ అమెరికాలోనే తేలలేదు. టూరిస్ట్ ఒక టేబుల్ దగ్గర టిప్ ఎగ్గొట్టి దాన్ని మార్చలేరు. నష్టపోయేది ఓనర్ కాదు, ఆ పూట నీళ్లు తెచ్చి, ప్లేట్లు సర్దిన మనిషి. కాబట్టి ముందు బిల్లులో సర్వీస్ చార్జ్ ఉందేమో చూడండి. లేకపోతే ట్యాక్స్ కలపని మొత్తానికి 18 నుంచి 20 శాతం లెక్కేసి, సంతకం పెట్టి రండి.