పాతరలో జొన్నలు, పెట్టెలో ప్రాణాలు

చిన్నతనంలో సెలవులకు వెళ్ళే మా అవ్వగారి ఊరు బనగానపల్లెకు ఆమడ దూరం. సీమ పల్లెల్లో ఆనాడు జొన్నలను పాతరలో దాచేవారు. నేలలో గొయ్యి తవ్వి, గడ్డి పరిచి, గింజ నింపి, పైన మట్టితో మూసేవారు. లోపల గాలి కరువై పురుగు చచ్చేది. ఇంట్లో కుండలోని జొన్నలకు మాత్రం ఆ రక్ష లేదు. సన్నని దారాలతో గింజలను గూడుకట్టే పురుగు చేరేది. అవ్వ దానిని తిట్టుకుంటూ జొన్నలు చెరిగేది. శాస్త్రజ్ఞులు కార్సైరా అనే ఆ చిమ్మెట, రైతు మిత్రుడికి మేత కాగలదని అప్పట్లో మాకు తెలియదు.

ఆ మిత్రుడి పేరు ట్రైకోగ్రామా. 1833లో వెస్ట్‌వుడ్ అనే ఆంగ్లేయుడు ఈ పేరు పెట్టాడు. మిల్లీమీటరైనా ఉండని ఈ కందిరీగ జాతి బదనిక, చిమ్మెట గుడ్డులో తన గుడ్డు పెడుతుంది. పురుగు పుట్టవలసిన చోట బదనిక పుడుతుంది. 1920లలో కాలిఫోర్నియాలో ఫ్లాండర్స్ ధాన్యపు చిమ్మెట గుడ్లపై దీనిని లక్షల సంఖ్యలో పెంచే పద్ధతి రూపొందించాడు. మన దేశంలో ఆ పనికి కుదిరినది కార్సైరా. పగలగొట్టిన జొన్నల మీద దానిని పెంచి, గుడ్లకు అతినీలలోహిత కాంతి చూపి లోపలి పిండాన్ని చంపి, అట్టకు అతికించి బదనికలకు అప్పగిస్తారు. ఒక్కొక్క అట్ట మీద సుమారు ఇరవై వేల గుడ్లుంటాయి. జీవ నియంత్రణపై అఖిల భారత సమన్వయ పథకం 1977లో ఆరంభమయ్యాక మన అనకాపల్లె పరిశోధనా స్థానం కూడా చెరకు పురుగులపై ఈ బాటలో నడిచింది.

చిక్కంతా కాలంతోనే. అట్ట మీది గుడ్లు మూడు నాలుగు రోజులకు నల్లబడతాయి, ఎనిమిది తొమ్మిది రోజులకు బదనికలు వెలువడతాయి. పొలంలో శనగపచ్చ పురుగు గుడ్డు మూడు రోజుల్లో పగులుతుంది. ఈ రెండు గడియారాలూ కలవాలి. అందుకే శీతల నిల్వ అవసరమైంది. కోశస్థ దశలో పది డిగ్రీల చలిలో ఉంచితే సుమారు మూడు వారాలు ఆగుతాయి. అంతకు మించితే పుట్టేవి తగ్గుతాయి, పుట్టినవాటికి రెక్కలు సరిగా విచ్చుకోవు. ఫ్రాన్సులో మరొక జాతిని శీతకాల సుప్తావస్థలోకి పంపి నెలల తరబడి దాచగలుగుతున్నారు. చలికాలమంటే ఎరుగని మన జాతికి ఆ నిద్ర సులభంగా పట్టదు.

1998లో మా మేనమామ ప్రత్తి వేశాడు. నేను పట్నం నుంచి అట్టలు తెచ్చాను. నల్లబడిన గసాలు అతికించినట్లున్న వాటిని ఆయన వింతగా చూశాడు. పొలంలో ఇంకా గుడ్లు పడలేదు. ఊరిలో ఉన్న ఒక్క ఫ్రిజ్ సోడా అంగడిలోనిది. అందులో పెట్టి వచ్చాము. రెండు రాత్రులు కరెంటు లేదు. నాలుగవనాడు కవరు విప్పితే అడుగున ధూళిలాంటి నల్లని నలుసులు. అరవై వేల ప్రాణాలు!

"బతికిండేటివి కదా నాయనా, సచ్చిపోయినాయి. మందుకు సావు లేదు" అన్నాడు మామ. సాయంత్రానికి అప్పు మీద మందు సీసాలు తెచ్చాడు.

ఆ మాట ఇప్పటికీ నన్ను వెంటాడుతుంది. పురుగుమందు గెలిచినది పొలంలో కాదు, అంగడి అలమారలో. నలభై డిగ్రీలు దాటే బనగానపల్లె ఎండలోనూ అది నెలల తరబడి నిలబడుతుంది. కానీ పొలంలో? 1987 నాటికే ఆంధ్రలో శనగపచ్చ పురుగు పైరిథ్రాయిడ్ మందులకు లొంగడం మానింది. చావులేని మందు పురుగును చంపలేకపోయింది!

బదనికను దేవతను చేయడం నా ఉద్దేశం కాదు. శనగ ఆకుల మీది పులుపు రసం దానికి గిట్టదు. అదే పురుగు జొన్న చేనులో గుడ్లు పెడితే మాత్రం చక్కగా వెతికి పట్టుకుంటుంది. అంటే కుండలో జొన్నల మీద మొదలైన కథ జొన్న చేనులోనే బాగా నడుస్తుందన్నమాట.

గింజను దాచడానికి మన పూర్వులు ప్రతి వాకిటా పాతర తవ్వుకున్నారు. ఎక్కడో దూరాన ఉన్న చల్లని గది మీద ఆధారపడలేదు. బదనికల పెంపకం కూడా పొలానికి దగ్గరలోనే సాగి ఉంటే, మూడు వారాల ఆయువు చాలేదేమో. మిత్రులారా, మా అవ్వ చెరిగి పారబోసిన ఆ పురుగు విలువ నాకు ఇంత ఆలస్యంగా బోధపడింది.