పుంజు గుడ్డు పెట్టే వాచకం

ఫిన్లాండులో ఒకటో తరగతి పిల్లల మొదటి వాచకాన్ని ఆపినెన్ అంటారు. పాతకాలం నుంచీ దాని మీద కోడిపుంజు బొమ్మ వేయడం ఆనవాయితీ. శ్రద్ధగా చదివిన పిల్లలకి ఆ పుంజు రాత్రిపూట పుస్తకంలో గుడ్డు పెడుతుందట. తెల్లారి లేచి చూస్తే పేజీల మధ్య ఓ మిఠాయి బిళ్లో, నాలుగు ఎండుద్రాక్షలో, చిల్లర నాణెమో దొరుకుతుంది. మా పక్కింటి పెద్దావిడ ఈ సంగతి చెబుతుంటే మా పాప కళ్లింత చేసుకుని వింది. నాకైతే దానికన్నా ఎక్కువ ముచ్చటేసింది.

అప్పటికి పాపకి ఏడేళ్లు. ఇక్కడ ఒకటో తరగతి మొదలయ్యేదే ఆ వయసులో. అంతకుముందు ఏడాది బడికి పంపినా ఆటలూ పాటలే ఎక్కువ. "ఏడేళ్లొచ్చినా ఇంకా చదవడం రాలేదుటే?" అని తెనాలి నుంచి అమ్మ ఫోన్‌లో బెంగపడేది. మన దగ్గర ఆ వయసుకి పిల్లలు పెద్ద సంచీ మోస్తూ రెండో తరగతికి వెళ్తుంటారు మరి. తీరా చూస్తే క్రిస్మస్ నాటికి క్లాసులో చాలామందికి చదవడం వచ్చేసింది. ఫిన్నిష్‌లో రాసిందే పలుకుతారు, పలికిందే రాస్తారు. పైగా మొదటి వాచకంలో మాటల్ని ముక్కలుగా విరిచి, మధ్యన చిన్న గీత పెట్టి అచ్చు వేస్తారు. పిల్లలు ఆ ముక్కల్ని పైకి పలుకుతూ కలుపుకుంటూ పోతుంటే, పక్క గదిలో ఎవరో గుణింతాలు వల్లె వేస్తున్నట్టే ఉండేది.

ఈ దేశానికి చదువు ఇంత తీయగా మాత్రం రాలేదు. ఫిన్నిష్‌లో అచ్చయిన మొదటి పుస్తకమే అక్షరాల పుస్తకం. 1543లో మికాయెల్ అగ్రికోలా అనే మతబోధకుడు వేయించాడు. అప్పుడిది స్వీడన్ రాజ్యంలో భాగం. 1686 నాటి చర్చి చట్టం ప్రకారం జనం మతపాఠం నేర్చి తీరాలి. అది రానివాళ్లకి చర్చి ప్రసాదం లేదు, పెళ్లి లేదు. పాస్టరు ఏడాదికోసారి పల్లెకి వచ్చి ఒక రైతు ఇంట్లో ఊరందరినీ కూర్చోబెట్టి, ముసలీ ముతకా అనకుండా ఒక్కొక్కరి చేతా చదివించేవాడు. ఎవరికి ఎంత వచ్చిందో చర్చి పుస్తకంలో గుర్తులు పెట్టేవాడు. పరీక్ష అయ్యాక విందు. రానివాళ్లని చర్చి ముందు కాళ్లకి కొయ్య బిగించి కూర్చోబెట్టడమూ ఉండేది. చదివితే చాలు, రాయడం అక్కర్లేదనుకున్నారు. అందుకే ఎంతోకాలం పామరజనానికి చదవడం వచ్చినా, రాయగలిగినవాళ్లు కొద్దిమందే. పెద్దల మాట వినడానికి పనికొచ్చే చదువు ఇచ్చి, తమ మాట చెప్పుకోవడానికి పనికొచ్చేది ఇవ్వలేదన్నమాట. ఇది తలుచుకుంటే నాకిప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

చర్చి చదువంటే ఉన్న ఆ భయం ఎలాంటిదో తెలియాలంటే అలెక్సిస్ కివి 1870లో రాసిన 'ఏడుగురు అన్నదమ్ములు' నవల చదవాలి. ఇక్కడివాళ్లకి అది మన 'కన్యాశుల్కం' అంతటిది. ఏడుగురూ ఎదిగిన మగవాళ్లు, అడవిలో వేటాడే మొరటువాళ్లు. చర్చి ఉద్యోగి ఒకాయన వాళ్లని తన ఇంట కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించబోతాడు. అవి బుర్రకెక్కవు. అవమానం పడలేక కిటికీలోంచి దూకి పారిపోతారు, చివరికి ఊరే వదిలి అడవికి చేరతారు. అక్కడ ఎన్నో కష్టాలు పడ్డాక వాళ్లంతట వాళ్లే మళ్లీ వాచకం పట్టుకుంటారు. ఈసారి పంతులు అందరికన్నా చిన్నవాడైన ఏరో. తమ్ముడి దగ్గర అక్షరాలు దిద్దడం పెద్దవాడు యుహానీకి ఎంత కష్టంగా ఉంటుందో! కోపం, రోషం, తిట్లు, మళ్లీ పుస్తకం. మన ఊళ్లలో రాత్రిబడికి వెళ్లే నడివయసు రైతు పక్కన నాలుగో తరగతి కొడుకు కూర్చుని దీర్ఘాలు సరిదిద్దుతుంటే ఆ తండ్రి ముఖం ఎలా ఉంటుందో చూసినవాళ్లకి యుహానీ పరాయివాడు కాడు. ఆ భాగాలు నేను ఇప్పటికీ తీసి చదువుకుంటూ ఉంటాను. బలవంతాన రాని చదువు వాళ్లు కావాలనుకున్నాక వచ్చింది. ఈ దేశం కథ మొత్తం నాకు అందులోనే కనబడుతుంది.

పల్లె బడుల శాసనం 1866లో వచ్చింది. సరిగ్గా అప్పుడే మహా కరువు మొదలైంది. నూటికి ఎనిమిది మంది దాకా పోయారంటారు. చెట్టు బెరడు కలిపి రొట్టెలు కాల్చుకున్న రోజుల్లో బడులు కట్టడం మొదలుపెట్టిన జనమిది. ఆ బడులకి ఉపాధ్యాయుల్ని తయారుచేసే విద్యాలయాన్ని ఊనో సుగ్నేయుస్ అనే విద్యావేత్త యువాస్కులా పట్టణంలో అప్పటికే 1863లో తెరిచి ఉంచాడు. నిర్బంధ విద్య 1921లోనూ, గ్రంథాలయ చట్టం 1928లోనూ వచ్చాయి.

పుస్తకం మీద ప్రేమ పెంచింది గ్రంథాలయాలే అని నా నమ్మకం. మా టాంపెరె ఊళ్లో పెద్ద గ్రంథాలయాన్ని అడవిపక్షి ఆకారంలో కట్టారు. పైసా కట్టక్కర్లేదు. దూరపు పల్లెలకి పుస్తకాల బస్సు వెళ్తుంది. మంచులో ఆ బస్సు ఆగడం, పిల్లలు పరుగున ఎక్కడం మొదటిసారి చూసినప్పుడు నాకు మా కొల్లిపర కాలువ గుర్తొచ్చి గొంతు పట్టేసింది. ఈ బస్సులు 1960లలో మొదలయ్యాయి. మన గ్రంథాలయోద్యమంలో పనిచేసిన పాతూరి నాగభూషణం గారు పెదవడ్లపూడి నుంచి కొల్లిపర దాకా కాలువ మీద పడవలో పుస్తకాలు పంపింది 1935లో! రేవు రేవునా ఆగి, ప్రయాణికులకీ గట్టునున్న ఊళ్లకీ చదువుకోవడానికి ఇచ్చేవారు. ఏ చర్చీ ఏ రాజూ భయపెట్టకుండానే మన డెల్టా పల్లెలు పుస్తకాన్ని కోరుకున్నాయి. వాళ్ల బస్సు ఇంకా తిరుగుతోంది. మన పడవని మనం నిలుపుకోలేదు.

ఫిన్లాండువాళ్లకీ ఇప్పుడు దిగులు పట్టుకుంది. 2000లో జరిగిన పీసా అనే అంతర్జాతీయ పరీక్షల్లో చదవడంలో ప్రపంచంలోనే మొదట నిలిచిన పిల్లలు ఆ తర్వాత వెనకబడుతూ వచ్చారు. మగపిల్లలు మరీను. అందుకే మా పాప టీచరు తల్లిదండ్రుల సమావేశంలో పెట్టిన షరతు ఒక్కటే. రాత్రి పడుకునే ముందు పిల్లలకి పైకి చదివి వినిపించాలి, ఏ భాషలోనైనా సరే. తెలుగులో చదవచ్చా అని అడిగితే, తప్పకుండా తెలుగులోనే చదవమంది. అప్పటినుంచి అమ్మ తెనాలిలో పాత చందమామలు వెతికి కట్టలు కట్టి ఉంచుతోంది. టాంపెరె వైపు వచ్చేవాళ్లెవరైనా ఉంటే, పెట్టెలో కాస్త చోటు ఉంచమని నా మనవి.