పసిపిల్లల దంతక్షయం, సామాజిక అసమానతలు

ఆరేళ్ళు నిండని పిల్లల పాలపళ్ళలో ఒక్కటి పుచ్చినా, పుచ్చిందని పీకించినా, సిమెంటు పెట్టించినా దంతవైద్యులు దాన్ని శైశవ దంతక్షయంగా లెక్కిస్తారు. మూడేళ్ళలోపు బిడ్డకు పంటి నున్నటి భాగం మీద పుచ్చు ఆనవాలు కనిపిస్తే చాలు, అది తీవ్రమైన దశే. ఇళ్ళల్లో పిప్పిపన్ను, పుచ్చుపన్ను అనేది దీన్నే. చికిత్స అందని పాలపళ్ళ పుచ్చుతో ఉన్న పిల్లలు ప్రపంచంలో సుమారు 51.4 కోట్ల మంది అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదిక చెబుతోంది. ఎలా వస్తుందో, ఎలా ఆపవచ్చో దశాబ్దాలుగా తెలిసిన జబ్బు ఇది. అయినా తగ్గినచోట కూడా అందరికీ ఒకేలా తగ్గలేదు. సంపన్న దేశాల్లో సైతం పేదలుండే పేటల పిల్లల్లోనే ఎక్కువ. ఈ తేడాను ఏళ్ళ తరబడి కొలుస్తూ, తగ్గించాలని పట్టుబట్టి పనిచేసిన దేశం స్కాట్లండ్. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ చోటు దానికే.

పుచ్చు పడే తీరు

మన ఊళ్ళలో ఇప్పటికీ ‘పంటికి పురుగు పట్టింది’ అంటారు. ప్రపంచంలో చాలా చోట్ల ఇదే నమ్మకం ఉండేది. నోట్లోని సూక్ష్మజీవులు చక్కెరను, పిండిపదార్థాలను పులియబెట్టినప్పుడు పుట్టే ఆమ్లమే పంటిని కరిగిస్తుందని అమెరికాకు చెందిన విల్లోబీ మిల్లర్ బెర్లిన్‌లో పనిచేస్తూ 1890లో వెలువరించిన గ్రంథంలో వివరించాడు. 1924లో లండన్‌లో కిలియన్ క్లార్క్ పుచ్చిన పళ్ళ నుంచి స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్ అనే బాక్టీరియాను వేరుచేశాడు. తీపి తిన్న కొద్ది నిమిషాల్లోనే పంటి మీది పాచిలో ఆమ్లం పెరుగుతుంది. పీహెచ్ సుమారు 5.5 కంటే దిగితే పంటి పైపొర ఎనామెల్‌లోని ఖనిజాలు కరగడం మొదలవుతుంది. లాలాజలం ఆ ఆమ్లాన్ని విరిచి పంటిని తేరుకోనివ్వడానికి అరగంట నుంచి గంట పడుతుంది. అందువల్ల పిల్లవాడు భోజనంతోపాటు ఒక లడ్డూ తినేయడం కంటే, అదే లడ్డూను పొద్దస్తమానం కొంచెం కొంచెంగా కొరుక్కుంటూ తిరగడం పంటికి ఎక్కువ చేటు.

ఈ సంగతి రుజువైన తీరు మాత్రం చెప్పుకోవడానికి సిగ్గుపడాల్సింది. స్వీడన్‌లోని లుండ్‌లో, మేధోవైకల్యం ఉన్నవారిని ఉంచే విపెహోల్మ్ సంస్థలో 1945 నుంచి 1953 దాకా ప్రయోగాలు జరిగాయి. పంటికి అంటుకుపోయే టాఫీలను అక్కడివారికి భోజనాల మధ్య తినిపించి, పళ్ళు పుచ్చడం గమనించారు. వారి సమ్మతి ఎవరూ అడగలేదు. తీపి ఎంత తిన్నారన్నదాని కంటే ఎన్నిసార్లు తిన్నారు, అది పంటికి ఎంతసేపు అంటిపెట్టుకుంది అన్నవే కీలకమని నేటికీ దంతవైద్య పాఠ్యపుస్తకాలు చెప్పే మాట అక్కడి నుంచి వచ్చినదే.

పాలపళ్ళు మొత్తం 20. ఆరో నెల ప్రాంతంలో మొదలై దాదాపు మూడేళ్ళకు అన్నీ వచ్చేస్తాయి. శాశ్వత దంతాలతో పోలిస్తే వీటి ఎనామెల్ పలచన, పుచ్చు త్వరగా లోపలి నరం దాకా పోతుంది. మొదట దెబ్బతినేవి పైవరుస ముందుపళ్ళు. పాలసీసా నోట్లో పెట్టుకుని నిద్రపోయే బిడ్డకు పాలు ఆ పళ్ళ చుట్టూనే నిలుస్తాయి, రాత్రిపూట లాలాజలం తక్కువగా ఊరుతుంది. కింది ముందుపళ్ళను నాలుక కప్పి ఉంచుతుంది కాబట్టి అవి చాలాసార్లు చెక్కుచెదరకుండా ఉంటాయి. బిడ్డ పై పెదవిని వేలితో మెల్లగా ఎత్తి చూస్తే చిగురు అంచు వెంట సుద్దలాంటి తెల్లటి గీత కనిపించవచ్చు. అదే తొలి దశ. ఆ దశలో ఫ్లోరైడ్ పేస్టుతో తోమడం, తీపి తగ్గించడం సరిపోతాయి, గీత వెనక్కి తగ్గే అవకాశం ఉంది. గీత గోధుమరంగుకు మారి గుంట పడిందంటే ఆ అవకాశం చేజారినట్టే.

‘పాలపళ్ళే కదా, ఎలాగూ ఊడిపోయేవే’ అన్న మాట ప్రతి ఇంట్లో వినిపిస్తుంది. వెనక దవడపళ్ళు పది, పన్నెండేళ్ళ దాకా ఉండాల్సినవి. అవి ముందే పోతే పక్కపళ్ళు ఒరిగి శాశ్వత దంతాలకు చోటు లేకుండా చేస్తాయి. అంతకంటే ముందు నొప్పి ఉంటుంది: బిడ్డ ఒకవైపే నములుతాడు, రాత్రుళ్ళు నిద్రపోడు, ఎక్కడ నొప్పో చెప్పలేక అన్నం వద్దంటాడు.

ఉచిత వైద్యం ఉన్నా పోని తేడా

బ్రిటన్‌లో 18 ఏళ్ళలోపు పిల్లలకు జాతీయ ఆరోగ్య సేవ కింద దంతవైద్యం ఉచితం. అయినా ఇంగ్లండ్‌లో 2022లో ఐదేళ్ళ పిల్లలను పరీక్షించినప్పుడు 23.7 శాతం మందిలో ఎనామెల్ కింది పొర డెంటిన్ దాకా పోయిన పుచ్చు బయటపడింది. అత్యంత పేద ప్రాంతాల్లో ఇది 35.1 శాతం, అత్యంత సంపన్న ప్రాంతాల్లో 13.5 శాతం. అక్కడ 5 నుంచి 9 ఏళ్ళ పిల్లలు ఆసుపత్రిలో చేరే కారణాల్లో పుచ్చుపళ్ళదే మొదటి స్థానం. చిన్నపిల్లలు కుర్చీలో కదలకుండా కూర్చోరు కాబట్టి, నాలుగైదు పళ్ళు ఒకేసారి తీయాలంటే పూర్తి మత్తు ఇవ్వాల్సి వస్తుంది.

చికిత్సకు డబ్బు కట్టనక్కర్లేకపోతే ఇంత తేడా ఎందుకు? తల్లిదండ్రుల అశ్రద్ధ అనేయడం తేలిక, కానీ ఆ సమాధానం నిలవదు. రెండు షిఫ్టులు పనిచేసే తల్లి బిడ్డను పగటిపూట డాక్టరు దగ్గరకు తీసుకుపోతే ఆ పూట కూలి పోతుంది. కొత్తగా పేర్లు నమోదు చేసుకునే దంతవైద్యులు ఇంగ్లండ్‌లో చాలా చోట్ల దొరకరు. చవగ్గా దొరికి, కడుపు నింపి, పిల్లవాణ్ణి కాసేపు ఊరుకోబెట్టేవి తీపి సరుకులే. బ్రష్షు, పేస్టు కూడా ఖర్చే. ఇద్దరు ముగ్గురు పిల్లలకు ఒకే బ్రష్షు ఉన్న ఇళ్ళున్నాయి. వైద్యం అవసరం ఎక్కడ ఎక్కువో అక్కడే అది తక్కువగా అందుతుందని వేల్స్‌లో పల్లె డాక్టరుగా పనిచేసిన జూలియన్ ట్యూడర్ హార్ట్ 1971లో రాశాడు. దంతవైద్యానికి ఆ సూత్రం అతికినట్టు సరిపోతుంది. పైగా, దంతవైద్యుడి కుర్చీ దాకా వచ్చేసరికి పన్ను ఎలాగూ పుచ్చి ఉంటుంది. కుర్చీని ఉచితం చేయడం ఆలస్యంగా అందే సాయమే.

స్కాట్లండ్ ఎంచుకున్న దారి

ఫ్లోరైడ్ పంటి ఎనామెల్‌ను గట్టిపరుస్తుందని తేలాక, 1945 జనవరిలో అమెరికాలోని గ్రాండ్ ర్యాపిడ్స్ నగరం తాగునీటిలో దాన్ని కలపడం మొదలుపెట్టింది. ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్ 1964లో అదే బాట పట్టింది. గ్లాస్గోలో మాత్రం ఈ ప్రతిపాదన కోర్టుకెక్కింది. కట్టుడుపళ్ళతో ఉన్న ఒక వృద్ధురాలు వేసిన ఆ దావా మీద 200 రోజులకు పైగా వాదనలు నడిచాయి. నీటిలో ఫ్లోరైడ్ కలపడం హానికరమని రుజువు కాలేదని చెబుతూనే, చట్టప్రకారం నీటి సంస్థకు ఆ అధికారం లేదని న్యాయమూర్తి జాన్సీ 1983లో తీర్పిచ్చాడు. రెండేళ్ళకు చట్టం మారినా స్కాట్లండ్ కుళాయిల్లోకి ఫ్లోరైడ్ రాలేదు. ఇక మిగిలింది పేస్టు.

2003లో స్కాట్లండ్‌లో ఒకటో తరగతిలో చేరిన పిల్లల్లో కంటికి కనిపించే పుచ్చు లేనివారు 45 శాతమే. 2010 నాటికి దాన్ని 60 శాతానికి చేర్చాలని లక్ష్యం పెట్టుకున్నారు. 2006లో ‘చైల్డ్‌స్మైల్’ అనే కార్యక్రమం ప్రయోగాత్మకంగా మొదలై, తర్వాతి ఐదేళ్ళలో దేశమంతా పరుచుకుంది. బిడ్డ పుట్టిన కొద్ది వారాలకే ఇంటికొచ్చే ఆరోగ్య కార్యకర్త ద్వారా కుటుంబాన్ని గుర్తిస్తారు. అవసరమున్నచోట దంతారోగ్య సహాయకులు ఇంటికి వెళ్ళి మాట్లాడతారు. ఐదేళ్ళు వచ్చేలోపు కనీసం ఆరుసార్లు బ్రష్షు, పేస్టు ఉన్న సంచి ఉచితంగా ఇస్తారు.

కార్యక్రమానికి గుండెకాయ నర్సరీలో రోజూ పళ్ళు తోమించడం. పిల్లలు బల్ల చుట్టూ కూర్చుంటారు. అక్షరాలు రాని వయసు కాబట్టి ప్రతి బ్రష్షు మీదా ఒక బొమ్మ గుర్తు ఉంటుంది, ఎవరి బొమ్మ వాళ్ళకు తెలుసు. పేస్టు గొట్టాన్ని బ్రష్షుకు తాకించరు. కాగితం మీదో పళ్ళెంలోనో బఠాణీ గింజంత చొప్పున విడివిడిగా పెడితే, ఎవరి వంతు వారు బ్రష్షుకు అద్దుకుంటారు. తోమాక నురగ ఉమ్మేయాలి. నీళ్ళతో పుక్కిలించకూడదు, ఎందుకంటే పంటి మీద మిగిలిపోయే ఫ్లోరైడే పనిచేసేది. తర్వాత బ్రష్షులను ఒకదానికొకటి తగలకుండా గాలి ఆడే స్టాండులో నిలబెడతారు. ఇంతే. ఇందులో దంతవైద్యుడి ప్రమేయమే లేదు, టీచర్లు, ఆయాలే చేయిస్తారు.

2010లో పుచ్చు లేని పిల్లల లెక్క 64 శాతానికి చేరింది, 2018లో 71 శాతానికి. ఐదేళ్ళ పిల్లల దంతచికిత్స ఖర్చు 2001–02కీ 2009–10కీ మధ్య సగానికి పైగా తగ్గిందని గ్లాస్గో విశ్వవిద్యాలయ పరిశోధకులు లెక్కగట్టారు. ఆదా అయిన సొమ్ము బ్రష్షుల ఖర్చును దాటిపోయింది. నర్సరీ పిల్లల పళ్ళకు ఆరునెలలకోసారి ఫ్లోరైడ్ వార్నిష్ పూయడం వల్ల అదనంగా ఒరిగేదేమిటో చూడటానికి జరిపిన పెద్ద పరీక్షలో మాత్రం, మిగతా కార్యక్రమం మీద అది చెప్పుకోదగ్గ లాభం చేకూర్చినట్టు తేలలేదు. చవకైన బ్రష్షు తోడుంటే ఖరీదైన పూత అదనంగా చేసేది పెద్దగా లేదన్నమాట.

ఇక అసమానత సంగతి. 2018లో అత్యంత సంపన్న ప్రాంతాల పిల్లల్లో 86 శాతం మందికి పుచ్చు లేదు, అత్యంత పేద ప్రాంతాల్లో 56 శాతం మందికే లేదు. పేదపిల్లల పళ్ళు మునుపటికంటే ఎంతో మెరుగయ్యాయి, కలిగిన ఇళ్ళ పిల్లలవీ మెరుగయ్యాయి, కాబట్టి మధ్యలోని ఎడం 30 పాయింట్ల దగ్గర అలాగే ఉండిపోయింది. నర్సరీలో రోజుకు ఒకసారి తోమించవచ్చు, ఇంట్లో రాత్రి సీసాలో ఏం పోస్తున్నారన్నది, వీధి చివరి దుకాణంలో ఏది చవక అన్నది నర్సరీ చేతిలో లేదు. కార్యక్రమాన్ని తక్కువచేయడానికి ఈ మాట అనడం లేదు. ఎడం పెరగకుండా సగటు పెంచడం ఆరోగ్య కార్యక్రమాల్లో అరుదు. వేల్స్ కూడా ఇలాంటి కార్యక్రమమే నడుపుతోంది. ఇంగ్లండ్ ప్రభుత్వం 2025లో గానీ పేద ప్రాంతాల 3–5 ఏళ్ళ పిల్లలకు పళ్ళు తోమించే పథకం ప్రకటించలేదు.

మత్తు, డ్రిల్లు లేని చికిత్సలు

పుచ్చిన పాలపన్నును చెక్కకుండా, దానిమీద ఉక్కు తొడుగు నొక్కి పెట్టి పుచ్చును లోపలే బంధించే పద్ధతిని స్కాట్లండ్‌కు చెందిన నోర్నా హాల్ అనే దంతవైద్యురాలు 1980లలో వాడటం మొదలుపెట్టారు. డ్రిల్లు, సూది లేని ఈ పద్ధతిని మొదట తోటివారు అనుమానంగా చూశారు. 2007లో వెలువడిన పరీక్ష ఫలితాలు ఆమె పక్షానే నిలిచాయి. ఇంకోటి సిల్వర్ డయమీన్ ఫ్లోరైడ్. చుక్క మందు పూస్తే పుచ్చు ఆగుతుంది, ఆ చోటు మాత్రం నల్లబడుతుంది. ముందుపన్ను నల్లబడితే తల్లిదండ్రులు ఒప్పుకోకపోవడం సహజం, దవడపళ్ళకైతే అభ్యంతరం తక్కువ. ఫ్లోరైడ్ పేస్టును, ఈ మందును ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో అత్యావశ్యక ఔషధాల జాబితాలో చేర్చింది.

తెలుగు ప్రాంతాల సందర్భం

ఫ్లోరైడ్ అనగానే తెలుగువారికి గుర్తొచ్చేది నల్లగొండ. అక్కడా, కనిగిరి ప్రాంతంలోనూ భూగర్భజలాల్లో అది మోతాదు మించడంతో పళ్ళు గారపట్టి, ఎముకలు వంగిపోయిన తరాలున్నాయి. నెల్లూరు జిల్లాలోని ఈ వ్యాధి గురించి 1937లోనే వైద్య పత్రికల్లో వచ్చింది. కాబట్టి తాగునీటిలో ఫ్లోరైడ్ కలిపే బర్మింగ్‌హామ్ పద్ధతి మనకు పనికిరాదు. పేస్టు సంగతి వేరు: అది పంటి పైన పనిచేసి ఉమ్మేసే వస్తువు. మూడేళ్ళలోపు పిల్లలకు బియ్యపు గింజంత, ఆ తర్వాత బఠాణీ గింజంత చాలు. తాగునీటిలో ఫ్లోరైడ్ ఎక్కువున్న ఊళ్ళవారు మాత్రం దంతవైద్యుణ్ణి అడిగి వాడటం మంచిది.

భారత దంతవైద్య మండలి 2002–03లో జరిపిన జాతీయ సర్వేలో ఐదేళ్ళ పిల్లల్లో 51.9 శాతం మందికి పుచ్చుపళ్ళున్నట్టు తేలింది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద సంచార వైద్యబృందాలు ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీలకు వచ్చి పిల్లలను పరీక్షిస్తాయి, ఆ పరీక్షల్లో దంతక్షయమూ ఉంది. ఆ బృందం పుచ్చును గుర్తించి పెద్దాసుపత్రికి రాసిస్తుంది. పుచ్చు పడకుండా ఆపే పని ఆరునెలలకోసారి వచ్చేవారి వల్ల కాదు. 3 నుంచి 6 ఏళ్ళ పిల్లలు రోజూ కూర్చునే చోటు, తినిపించే ఆయా, చేతులు కడిగించే అలవాటు మన అంగన్‌వాడీలో ఇప్పటికే ఉన్నాయి. స్కాట్లండ్ నర్సరీకి ఉండి దీనికి లేనివి పిల్లలకు తలా ఒక బ్రష్షు, పేస్టు, బ్రష్షులను ఆరబెట్టే స్టాండు మాత్రమే.