ఐస్ డ్యామ్: చూరు మీద గడ్డ, అటకలో కారణం
కశ్మీర్‌లో డిసెంబరు 21న మొదలయ్యే 40 రోజుల ‘చిల్లై కలాన్’లో ఇళ్ల చూరుల నుంచి మంచుగడ్డలు వేలాడటం మామూలే. చాలాసార్లు అవి ఇంట్లోని వేడి పైకి పోతోందనడానికి గుర్తు. ఆ వేడికి రేకుల కప్పు మీది మంచు అడుగున కరుగుతుంది. నీరు జారి, గోడ దాటి ఉండే చల్లని చూరు దగ్గర మళ్లీ గడ్డకడుతుంది. ఇదే ఐస్ డ్యామ్. దాని వెనక నిలిచిన నీరు అతుకుల్లోంచి ఇంట్లోకి కారుతుంది.

గడ్డను పగలగొడితే రేకు దెబ్బతింటుంది. ఉప్పు చల్లితే తుప్పు పడుతుంది. శాశ్వత పరిష్కారం అటకలోనే ఉంది. సీలింగు మీద వేడిని ఆపే పొర పరచాలి. కరెంటు తీగలు, పొగగొట్టం చుట్టూ సందులు మూయాలి. పొగగొట్టం దగ్గర మండని పదార్థమే వాడాలి. చూరు కింద నుంచి చల్లగాలి ప్రవేశించి కప్పు కొన దగ్గర బయటికి పోవాలి. కప్పంతా చల్లగా ఉంటే గడ్డ కట్టే అవకాశం బాగా తగ్గుతుంది.