ఇల్లు చేరిన పాటేనా? ఐరిష్ సంప్రదాయ, అమెరికన్ కంట్రీ సంగీతకారుల సమాగమం: ఒక చారిత్రక పరిశీలన

1991లో బీబీసీ, ఆర్‌టీఈ సంస్థలు 'బ్రింగింగ్ ఇట్ ఆల్ బ్యాక్ హోమ్' అనే టెలివిజన్ ధారావాహికను ప్రసారం చేశాయి. ఐర్లండ్ నుంచి వలస వెళ్లినవారి వెంట సముద్రం దాటిన సంగీతం అమెరికాలో కంట్రీగా, బ్లూగ్రాస్‌గా రూపుదిద్దుకొని మళ్లీ స్వదేశం చేరిందన్నది అందులోని ప్రధాన భావన. ఎమ్మిలూ హారిస్, ఎవర్లీ సోదరులు ఐరిష్ కళాకారులతో కలిసి అందులో పాడారు. ఆ తరువాత వెలువడిన అనేక ఉమ్మడి ఆల్బములకు ఈ పునరాగమన కథనమే ముందుమాటగా నిలిచింది. కథ ఇంపైనదే. చరిత్ర మాత్రం దానికి పాక్షికంగానే సాక్ష్యం పలుకుతుంది.

18వ శతాబ్దంలో ఐర్లండ్ నుంచి వచ్చి అప్పలాచియన్ కొండల్లో స్థిరపడినవారిలో అత్యధికులు అల్‌స్టర్ ప్రాంతపు ప్రెస్బిటీరియన్లు. వారి పూర్వీకుల్లో చాలామందిది స్కాట్లండ్. 1845–49 నాటి మహాక్షామం తరిమిన కాథలిక్కులు ప్రధానంగా న్యూయార్క్, బోస్టన్, షికాగో వంటి నగరాలకు చేరారు. నేడు ఐరిష్ సంప్రదాయ సంగీతంగా ప్రసిద్ధమైన స్లైగో, క్లేర్, కెర్రీ ప్రాంతాల బాణీలను అమెరికాలో కాపాడినది ఎక్కువగా ఈ నగరవాసులే. షికాగో పోలీసు అధిపతిగా పనిచేసిన ఫ్రాన్సిస్ ఓనీల్ 1903లో 1,850 బాణీల సంపుటిని ప్రచురించాడు. కొండల పాటలను 1916–18 మధ్య సేకరించిన సెసిల్ షార్ప్ వాటికి ఇంగ్లీషు జానపద గేయాలని పేరు పెట్టాడు. రెండు ప్రాంతాలకూ ఉమ్మడి బాణీలు లేవని దీని అర్థం కాదు. 'మిస్ మెక్లౌడ్స్ రీల్' అప్పలాచియన్ ఫిడేలు మీద 'హాప్ లైట్ లేడీస్'గా వినిపిస్తుంది. కానీ ఆ రీల్ మూలం స్కాటిష్. బంధుత్వం ఉన్నమాట నిజమే గాని, అది తల్లీబిడ్డల బంధుత్వం కాదు. దూరపు జ్ఞాతుల బంధుత్వం.

ఈ జ్ఞాతులను వేరువేరు అరల్లో సర్దినది గ్రామఫోను వ్యాపారం. 1916లో న్యూయార్క్‌లో దుకాణం నడుపుతున్న ఎలెన్ ఓబర్న్ డివిట్ అయిదు వందల ప్రతులు తానే కొంటానని హామీ ఇచ్చి, కొలంబియా కంపెనీ చేత ఐరిష్ నృత్యసంగీత రికార్డు చేయించింది. అందులో వాయించినవారు అకార్డియన్‌పై ఎడ్డీ హర్బర్న్, బాంజోపై జేమ్స్ వీలర్. బాంజో పుట్టుక ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన ప్రజలది. ఐరిష్ రికార్డుల చరిత్ర ఆరంభ దశలోనే ఆ వాద్యం ఉన్నదన్న సంగతిని పునరాగమన కథనం ప్రస్తావించదు. 1920లలో కంపెనీలు ఐరిష్, 'హిల్‌బిల్లీ', 'రేస్' అనే విభాగాలుగా రికార్డులను అమ్మాయి. మూడవది నల్లజాతివారి సంగీతానికి పెట్టిన పేరు. వినేవారి జాతిని బట్టి గీసిన ఈ గీతలు సంగీతంలో లేవు. కార్టర్ కుటుంబపు ఏ.పీ. కార్టర్ పాటల సేకరణకు తిరిగినప్పుడు బాణీలను గుర్తుపెట్టుకొన్న లెస్లీ రిడిల్ నల్లజాతి గిటారిస్టు. బ్లూగ్రాస్‌కు ఆద్యుడైన బిల్ మన్రో యౌవనంలో ఆర్నాల్డ్ షుల్ట్స్ అనే నల్లజాతి వాద్యకారుని వద్ద నేర్చుకొన్నాడు.

ఈ నేపథ్యంలో చీఫ్‌టన్స్ బృందం 1992లో వెలువరించిన 'అనదర్ కంట్రీ' పరిశీలనార్హం. ప్యాడీ మొలోనీ 1962లో డబ్లిన్‌లో స్థాపించిన ఈ బృందం నాష్‌విల్ వెళ్లి చెట్ ఆట్కిన్స్, రికీ స్కాగ్స్, విల్లీ నెల్సన్, ఎమ్మిలూ హారిస్ తదితరులతో పనిచేసింది. ఆల్బముకు గ్రామీ పురస్కారం లభించింది. అయితే ఇందులో కలిసిన రెండు పద్ధతుల మధ్య అంతరం చిన్నది కాదు. ఐరిష్ వాదనంలో అందరూ ఒకే బాణీని కలిసి వాయిస్తారు. అలంకారాలలోనే వ్యక్తి ముద్ర. బ్లూగ్రాస్‌లో ఒకరి తరువాత ఒకరు ఏకవాదనకు ముందుకు వస్తారు. తక్కినవారు హార్మనీతో, లయతో ఊతమిస్తారు. మోచేతి కింది తిత్తితో గాలి నింపే ఇలన్ పైప్స్ శ్రుతి దాదాపు స్థిరం. గాయకుని గొంతుకు తగినట్టు గిటారు శ్రుతిని క్లిప్పుతో క్షణంలో మార్చుకోవచ్చు. పైప్స్‌కు ఆ వెసులుబాటు లేదు. చతురశ్ర నడకలోని రీల్ ఇరుపక్షాలకూ పరిచితమే గాని, తిశ్ర నడకలోని జిగ్ అమెరికన్ కొండల ఫిడేలు వాదనంలో అరుదు. కనుక వారి కలయిక సహజ వారసత్వం కంటే నేర్పుతో కుదిర్చిన ఒప్పందం అనడమే న్యాయం. దాని కళాత్మక విలువ కూడా ఆ నేర్పులోనే ఉంది. అదే ఆల్బములో నెల్సన్ పాడిన 'గుడ్‌నైట్ ఐరీన్', 1933లో లూసియానా కారాగారంలో లోమాక్స్‌లు నల్లజాతి గాయకుడు లెడ్‌బెల్లీ కంఠంలో రికార్డు చేసిన పాట. ఐర్లండ్ నుంచి వెళ్లి తిరిగివచ్చినదని దానిని చెప్పడం ఎలా?

మరొక వైచిత్రి. నాష్‌విల్ సంగీతం ఐర్లండ్‌కు చేరడానికి 1992 దాకా ఆగలేదు. 1960ల నుంచే బిగ్ టామ్, ఫిలొమినా బెగ్లీ వంటివారు గ్రామీణ నృత్యశాలల్లో కంట్రీ పాడి అపారమైన ఆదరణ పొందారు. సంప్రదాయవాదుల దృష్టిలో అది చౌకబారు అనుకరణ. ఊరి జనం దశాబ్దాలుగా మెచ్చినదానికి దక్కని గౌరవం, పైపర్ నాష్‌విల్‌కు వెళ్లగానే అదే సంగీతానికి దక్కింది. ఇది సంగీత విలువల కంటే అభిరుచిలోని వర్గభేదాన్ని ఎక్కువగా తెలుపుతుంది.

2002, 2003లలో చీఫ్‌టన్స్ 'డౌన్ ది ఓల్డ్ ప్లాంక్ రోడ్' పేరిట మరో రెండు ఆల్బములు చేశారు. 'మాలీ బాన్' అనే ఐరిష్ కథాగేయాన్ని ఆలిసన్ క్రాస్ పాడిన తీరులో ఇరు సంప్రదాయాల మధ్య అతుకు కనబడదు. కానీ అతిథుల వరుస దాదాపు మునుపటి గీతల లోపలిదే. 2012లో స్వర్ణోత్సవ సందర్భపు 'వాయిస్ ఆఫ్ ఏజెస్' ఆల్బములో, నార్త్ కరోలినాకు చెందిన నల్లజాతి తంత్రీవాద్య బృందం కరోలినా చాక్లెట్ డ్రాప్స్ చీఫ్‌టన్స్‌తో కలిసి వాయించింది. ఆ బృందం తమ కళను జో థాంప్సన్ అనే వృద్ధ నల్లజాతి ఫిడేలు వాద్యకారుని ఇంట కూర్చొని నేర్చుకొన్నది. 'అనదర్ కంట్రీ' వెలువడి అప్పటికి ఇరవై ఏళ్లు.