ఐదు రంధ్రాల సాకెట్

ఇంట్లో పాట రికార్డు చేసుకోవాలని కంప్యూటర్ కొనేవాళ్లు మొదట అడిగేది ప్రాసెసర్ వేగం. ముందు సాఫ్ట్‌వేర్‌ను, వాయిద్యాల్ని చూడాలని నా వాదన. 1985లో వచ్చిన అటారి ఎస్‌టీ వేగం 8 మెగాహెర్ట్జ్, 520 మోడల్‌కు మెమరీ 512 కిలోబైట్లు. అయినా ఐరోపాలో ఎందరో సంగీతకారుల ఇళ్లలో అది ఏళ్ల తరబడి పనిచేసింది. కారణం ఆ పెట్టెకే అమర్చిన రెండు గుండ్రటి మిడి సాకెట్లు, ఒక్కోదానికి ఐదేసి రంధ్రాలు. మిడి అంటే వాయిద్యాలూ కంప్యూటర్లూ స్వరాల సమాచారాన్ని ఇచ్చిపుచ్చుకునే పద్ధతి. కీబోర్డు వాయిద్యం నుంచి వచ్చే తీగను నేరుగా అందులో గుచ్చితే చాలు. హాంబర్గ్‌లోని స్టైన్‌బెర్గ్ సంస్థ 1989లో క్యూబేస్ అనే సంగీత సాఫ్ట్‌వేర్‌ను మొదట ఈ యంత్రానికే తెచ్చింది.

చవక కాబట్టే అమ్ముడుపోయిందని కొందరంటారు. ధర కలిసొచ్చిన మాట నిజమే. కానీ 1987 నాటి అమిగా 500 కూడా ఇళ్ల కోసం చేసిన చవక యంత్రమే, పైగా సొంత ధ్వనిలో అటారి కన్నా మెరుగు. దానికి మిడి కావాలంటే మాత్రం విడిగా మరో పెట్టె కొనాలి. అటారి గొంతును రికార్డు చేయలేదు కదా అన్న అభ్యంతరం ఇంకా బలమైనది. సీడీ నాణ్యతలో ఒక్క నిమిషం స్టీరియోకు దాదాపు 10 మెగాబైట్లు కావాలి, నాటి ఫ్లాపీలో పట్టేది 720 కిలోబైట్లు. అందుకే గొంతు క్యాసెట్ మీదికి వెళ్లేది, అందుకు 1979 నుంచీ పోర్టాస్టూడియో అనే నాలుగు ట్రాకుల క్యాసెట్ రికార్డర్ ఉండేది. కంప్యూటర్ దాచింది స్వరాల్ని, అవి మోగే వేళల్ని మాత్రమే. 1996లో క్యూబేస్ వీఎస్‌టీ గొంతునూ రివర్బ్ వంటి హంగులనూ కంప్యూటర్‌లోకే తెచ్చాక వేగానికి విలువ పెరిగింది, అదీ సాఫ్ట్‌వేర్ అడిగినందుకే.